మోకాలికి మర సాయం... ఖరీదుకు తగ్గ ఫలమేనా?

ఊడ్పుల రోజుల్లో నడుం వంచి బురదలో వెనక్కి వెనక్కి అడుగులేసిన కాళ్లు... అరవై దాటేసరికి వీధి అరుగు ఎక్కడానికీ మొరాయిస్తాయి. గోదావరి జిల్లాల్లో మోకాళ్ల నొప్పుల మాట వినపడని ఊరు ఉండదేమో! మందులూ వ్యాయామాలూ పనిచేయని దశలో 'కీలు మార్చాలి' అంటారు డాక్టరు. ఆ మాటకు మనసు సిద్ధపడేలోపే ఈమధ్య ఇంకో ప్రశ్న ఎదురవుతోంది: 'మామూలుగానా, రోబోతోనా?' రోబో అంటే సాధారణంగా బిల్లు పెరుగుతుంది. ఆ పై డబ్బు కోసం కొబ్బరితోట తాకట్టు పెట్టేముందు కాస్త లెక్క చూసుకోవాలి.

కోసేది ఎవరు?

రోబో అనగానే మరమనిషి వచ్చి ఆపరేషన్ చేసేస్తుందనుకుంటారు చాలామంది. అదేం కాదు. మామూలు పద్ధతిలో తొడ ఎముకలోకి కడ్డీ దూర్చి, దాని ఆధారంగా లోహపు అచ్చులు బిగించి, వాటి వెంట ఎముక కోస్తారు. రోబో పద్ధతిలో రోగి మోకాలి నమూనాను కంప్యూటర్‌లో తయారుచేస్తారు. కొన్ని యంత్రాలకు ఇందుకోసం ముందే సీటీ స్కాన్ తీయాలి. ఆ కొలతల ప్రకారం పనిముట్టు గీత దాటకుండా యంత్రం కాపు కాస్తుంది. నిర్ణయాలన్నీ సర్జన్‌వే.

కోత కచ్చితంగా పడుతుందన్నది నిజం. మరి ఆ కచ్చితత్వం నడకలో కనిపిస్తుందా? దక్షిణ కొరియాలో డాక్టర్ యంగ్-హూ కిమ్ బృందం 1,406 మందిని రెండు జట్లుగా చేసి, సగటున 13 ఏళ్లు గమనించింది. 2020లో ఫలితాలు ప్రచురించింది. నొప్పిలో, నడకలో రెండు జట్లకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. పదిహేనేళ్లకు చెక్కుచెదరని కీళ్లు రెండింట్లోనూ 98 శాతమే! అప్పటి యంత్రం పాతతరానిది, నిజమే. కానీ మామూలు పద్ధతే అంత బాగున్నప్పుడు కొత్త యంత్రం అదనంగా సాధించడానికి మిగిలేది కొంచెమే.

ఇదీ లెక్క

2017 ఆగస్టులో కేంద్రం కృత్రిమ కీళ్ల ధరలకు కళ్లెం వేసింది. అంతకుముందు సగటున 1,58,324 రూపాయలున్న కోబాల్ట్ క్రోమియం కీలు గరిష్ఠ ధర, పన్ను కాకుండా 54,720కి దిగింది. రోబో ఖర్చు ఆ పరిమితిలోకి రాదు.

యంత్రం ఖరీదు ఆరు కోట్లనీ, పదేళ్లు పనిచేస్తుందనీ అనుకుందాం. అంటే ఏడాదికి అరవై లక్షలు. సంవత్సరానికి నాలుగొందల ఆపరేషన్లు జరిగితే ఒక్కోదాని మీద పడేది 15,000. వందే జరిగితే 60,000... 2017లో కీలుకు పెట్టిన గరిష్ఠ ధర కన్నా ఎక్కువ! నిర్వహణ, ఒక్కసారి వాడి పారేసే పరికరాలు దీనికి అదనం. రాజమండ్రి, కాకినాడ, భీమవరం లాంటి చోట్ల రోగులు ఎన్నో ఆసుపత్రులకు చీలిపోతారు. ప్రతివాళ్లూ తలో యంత్రం కొంటే ఒక్కోదానికి దక్కే కేసులు తగ్గుతాయి. ఆ బరువు చివరికి మోసేది రోగే.

ఎవరికి మేలు?

పాత ఎముక విరుగుడుతో తొడ వంకరపోయినవారికి, లోపల రాడ్డు ఉన్నవారికి కడ్డీ దూర్చడం కష్టం. అలాంటివారికి కంప్యూటర్, రోబో సాయం నిజంగా అక్కరకొస్తుంది. మిగతావారు ముందు డాక్టరుని ఈ మూడూ అడగాలి:

* ఏడాదికి మీరెన్ని మోకాళ్లు మారుస్తారు?
* రోబో మొరాయిస్తే మామూలు పద్ధతిలో పూర్తిచేస్తారా?
* కీలు, యంత్రం, గది... దేనికెంతో విడివిడిగా రాసిస్తారా?

అదనపు డబ్బు చేతిలో ఉంటే, ఇంటికొచ్చాక ఫిజియోథెరపీ ఆగకుండా చూసుకోవడం మేలు. కొత్త కీలు వంగేదీ, చాగేదీ ఆ వ్యాయామాలతోనే.

ఏరు దాటించేది పడవ రంగు కాదు... సరంగు చేయి!