షిగెల్లా బాక్టీరియాలో యాంటీబయాటిక్ నిరోధకత

షిగెల్లా అనేది మానవుల పెద్ద ప్రేగులో పుండ్లు కలిగించి, రక్తంతో కూడిన జిగట విరేచనాలకు కారణమయ్యే బాక్టీరియా. ఇది తనను నశింపజేయవలసిన మందులను తట్టుకొని పెరిగే శక్తిని పొందడాన్ని యాంటీబయాటిక్ నిరోధకత అంటారు. ఈ వ్యాధి బారిన ఎక్కువగా పడేది ఐదేళ్ళ లోపు పిల్లలు. షిగెల్లా తన నిరోధక శక్తిలో అధిక భాగాన్ని ప్రేగులలోని ఇతర బాక్టీరియాల నుండి జన్యువుల రూపంలో గ్రహిస్తుంది.

వ్యాధి కారకం

1897లో జపాను శాస్త్రవేత్త కియోషి షిగా ఈ బాక్టీరియాను కనుగొన్నాడు. ఆయన పేరు మీదుగానే దీనికి ఈ పేరు వచ్చింది. ఇందులో డిసెంటెరియే, ఫ్లెక్స్‌నెరి, బోయిడీ, సొన్నెయి అనే నాలుగు జాతులు ఉన్నాయి. పది నుండి వంద కణాలు కడుపులోకి వెళ్ళినా వ్యాధి రావచ్చు. అందువలన కలుషితమైన నీరు, ఆహారం, శుభ్రం చేయని చేతులు, ఈగల ద్వారా ఇది సులభంగా వ్యాపిస్తుంది. ఆఫ్రికా, దక్షిణాసియాలలో కోల్‌కతాతో సహా ఏడు ప్రాంతాలలో జరిగి, 2013లో ప్రచురితమైన పెద్ద అధ్యయనం, పిల్లలలో తీవ్ర అతిసారానికి ముఖ్య కారణాలలో షిగెల్లా ఒకటని తేల్చింది.

నిరోధకత మార్పిడిని కనుగొన్న విధం

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత జపానులో జిగట విరేచనాలకు సల్ఫా మందులను విరివిగా వాడారు. కొద్ది సంవత్సరాలలోనే అవి పనిచేయడం మానివేశాయి. 1950ల మధ్యకాలానికి సల్ఫా, స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్, క్లోరాంఫెనికాల్ అనే నాలుగు రకాల మందులకూ ఒకేసారి లొంగని షిగెల్లా కనిపించసాగింది. ఉత్పరివర్తనం అనగా జన్యువులో యాదృచ్ఛికంగా కలిగే మార్పు. నాలుగు వేర్వేరు మందులకు నాలుగు ఉత్పరివర్తనాలు ఒకే కణంలో ఒకేసారి కలగడం దాదాపు అసంభవం. కనుక దీనికి మరొక కారణం ఉండాలని శాస్త్రవేత్తలు భావించారు.

1959లో ఒచియాయ్, అకిబా అనే శాస్త్రవేత్తలు నిరోధకత గల ఇ. కోలైను, మందులకు లొంగే షిగెల్లాను కలిపి పెంచినపుడు నిరోధకత మొత్తంగా రెండవదానికి సంక్రమించింది. ఇ. కోలై అందరి ప్రేగులలోనూ సాధారణంగా నివసించే బాక్టీరియా. 1963లో త్సుతోము వతనబె వ్రాసిన సమీక్షా వ్యాసం ద్వారా ఈ విషయం పాశ్చాత్య దేశాలలో బాగా తెలిసింది.

జన్యు విధానాలు

ప్లాస్మిడ్లు: ఇవి క్రోమోజోముతో సంబంధం లేకుండా బాక్టీరియా కణంలో ఉండే వలయాకారపు డీఎన్ఏ అణువులు. రెండు కణాలు దగ్గరైనపుడు ఒకటి సన్నని నాళం వంటి నిర్మాణంతో రెండవదానిని పట్టుకొని, ప్లాస్మిడ్ ప్రతిని అందజేస్తుంది. దీనిని సంయుగ్మం అంటారు. ఇచ్చిన కణం తన ప్లాస్మిడ్‌ను కోల్పోదు. జపానులో షిగెల్లా నుండి వేరుచేసిన ఆర్100 అనే ప్లాస్మిడ్‌లో సుమారు 94 వేల క్షార జంటలు ఉన్నాయి. పైన చెప్పిన నాలుగు మందులకూ నిరోధకతనిచ్చే జన్యువులు దీనిలో ఉన్నాయి.

ట్రాన్స్‌పోజాన్లు, ఇంటిగ్రాన్లు: ట్రాన్స్‌పోజాన్ ఒక డీఎన్ఏ నుండి మరొకదానిలోకి దూకగల జన్యు ఖండం. ఇంటిగ్రాన్ విడి జన్యువులను గ్రహించి వరుసగా చేర్చుకొనే ఏర్పాటు. అనేక నిరోధక జన్యువులు ఒకే ప్లాస్మిడ్‌పైకి చేరడానికి ఇవే కారణం.

ఉత్పరివర్తనాలు: సిప్రోఫ్లాక్సాసిన్ వంటి మందులు డీఎన్ఏ గైరేజ్ అనే ఎంజైముపై పనిచేస్తాయి. ఈ ఎంజైములో 83వ స్థానంలోని సెరీన్ అనే అమైనో ఆమ్లం మారితే మందు దానికి సరిగా అంటుకోదు. ఇటువంటి మార్పులు మరికొన్ని తోడైనపుడు నిరోధకత తీవ్రమవుతుంది.

ఈ విధంగా వచ్చిన జన్యువులలో కొన్ని మందును ఛేదించే ఎంజైములను తయారుచేస్తాయి. పెన్సిలిన్ వర్గపు మందులను నాశనం చేసే బీటా లాక్టమేజ్ ఇటువంటిదే. కొన్ని మందును కణం బయటికి తోడివేసే ప్రోటీన్లను తయారుచేస్తాయి.

పిల్లలపై ప్రభావం

జలుబు, దగ్గు వంటి వాటికి అనవసరంగా యాంటీబయాటిక్ ఇచ్చినా అది ప్రేగులను చేరుతుంది. అక్కడి సున్నిత బాక్టీరియాలు చనిపోగా నిరోధకత గల ఇ. కోలై వృద్ధి చెందుతుంది. తరువాత షిగెల్లా సోకినపుడు దానికి ప్లాస్మిడ్ సిద్ధంగా లభిస్తుంది. నిరోధక జన్యువులు ఒకే ప్లాస్మిడ్‌పై ఉండడం వలన ఒక్క మందు వాడకం మిగిలిన మందుల నిరోధకతను కూడా నిలిపి ఉంచుతుంది. మందుకు అలవాటు పడేది పిల్లవాని శరీరం కాదు, బాక్టీరియా అని గమనించాలి.

1984లో పశ్చిమ బెంగాల్‌లో ప్రబలిన షిగెల్లా పలు మందులకు లొంగకపోగా నాలిడిక్సిక్ ఆమ్లం ఉపయోగపడింది. 2002లో ఉత్తర బెంగాల్‌లో వచ్చిన షిగెల్లా సిప్రోఫ్లాక్సాసిన్‌కు కూడా లొంగలేదు. సెఫ్ట్రియాక్సోన్, అజిత్రోమైసిన్ మందులను ఎదుర్కొనే జన్యువులను కూడా తరువాతి కాలంలో షిగెల్లా ప్లాస్మిడ్లపై గుర్తించారు.

నివారణ

చేతులు సబ్బుతో కడగడం, సురక్షితమైన నీరు, మరుగుదొడ్ల వాడకం, తల్లిపాలు ముఖ్యమైన రక్షణలు. నీళ్ళ విరేచనాలలో చాలావాటికి యాంటీబయాటిక్ అవసరం లేదు. ఓఆర్ఎస్ ద్రావణం, జింకు ఇవ్వాలి. విరేచనంలో రక్తం కనిపిస్తే ఆలస్యం చేయక వైద్యుని వద్దకు తీసుకొని వెళ్ళాలి. అటువంటి పిల్లలకు యాంటీబయాటిక్ నిజంగా అవసరమవుతుంది.