గట్టున వావిలి.. గాదెకు కాపలా

కాలువ గట్టునో వాగు ఒడ్డునో నీలిరంగు పూల గుత్తులతో, చేతివేళ్లలా విచ్చుకున్న అయిదేసి ఆకులతో కనిపించే పొద వావిలి. ఆకు నలిపితే ఘాటు వాసన. పశువులు పెద్దగా మూతి పెట్టవు కాబట్టి కంచెకూ పనికొస్తుంది.

ఇంట్లో బాలింత ఉంటే వావిలాకు వేసి కాచిన నీళ్లే స్నానానికి. పడిశం పట్టినా అదే ఆకు, అదే ఆవిరి. సన్నని బరికెలతో బుట్టలల్లారు, తడికలు కట్టారు. మీ ఇంట్లో పెద్దవాళ్లనడిగితే ఇంకా చెబుతారు. రైతుకు మాత్రం అసలు లాభం గింజల నిల్వలో ఉంది.

పెసలు, కందులు పుచ్చిపోతున్నాయని మందు బిళ్లలు తెచ్చి, పడుకునే గదిలోని బస్తాల్లో వేసేవారున్నారు. ఇది ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. ఆ అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు గాలిలో తేమ తగిలితే చాలు, ఫాస్ఫీన్ అనే విషవాయువును వదులుతాయి. శిక్షణ పొందినవారే వాడాలన్నది నిబంధన. ఇంటి ఖర్చుకూ, విత్తనానికీ దాచుకునే కొద్దిపాటి గింజలకు ఆ బిళ్లలెందుకు? వావిలాకు ఉందిగా!

అయితే ఒక మాట. పుచ్చపురుగు గాదెలోనే పుట్టదు. చేలో కాయ మీద కూడా గుడ్లు పెడుతుంది. గింజతోపాటే ఇల్లు చేరుతుంది. లోపలున్న పురుగును వావిలాకు చంపలేదు. బయటి పురుగును దగ్గరకు రానీయకపోవడమే దాని పని. అందుకే ముందు గింజల్ని బాగా ఎండబెట్టండి. కొరికితే టక్కున విరగాలి. తేమ 9 శాతం దాటకూడదు. వేడి చల్లారాక, అడుగున ఒక పొర ఆకు, దానిపై గింజలు, మళ్లీ ఆకు.. ఇలా నింపండి. ఆకు నీడలో గలగలలాడేలా ఆరాలి. పచ్చాకు వేశారో, బూజు ఖాయం. వాసన తగ్గితే ఆకు మార్చండి.

పురుగుమందులు లేని సేద్యం చేసేవారు దీని కషాయాన్ని పైరు మీదా చల్లుతున్నారు. 5 కిలోల ఆకును 10 లీటర్ల నీటిలో అరగంట ఉడికించి, చల్లార్చి వడకడతారు. అందులో 100 గ్రాముల సబ్బుపొడి కలిపి, 100 లీటర్ల నీటితో ఎకరానికి పిచికారీ చేస్తారు. పురుగు చిన్నగా ఉన్నప్పుడే సుమా! ముదిరాక దీనితో పని కాదు.

ఈసారి గట్లు చదును చేయిస్తుంటే ప్రొక్లెయిన్ డ్రైవరుకు ఆ పొద చూపించి వదిలేయమనండి. ఇప్పటికే పోయిందంటారా? తొలకరి పడగానే వాగు ఒడ్డు నుంచి రెండు ముదురు కొమ్మలు తెచ్చి గుచ్చండి.