పాత మందులో దాగిన ‘కొత్త’ పదార్థం

ఒక వస్తువులో మొదటినుంచీ ఉన్నదాన్ని ఈనాడు కొత్తగా గుర్తించినవారికి దానిపై పేటెంటు దక్కుతుందా? అమెరికా న్యాయస్థానాలు ఈ ప్రశ్నను ‘అంతర్నిహితత్వం’ అనే సూత్రంతో పరిష్కరిస్తాయి. 2003లో ఫెడరల్ సర్క్యూట్ కోర్టు తీర్పు చెప్పిన షెరింగ్–జెనీవా వ్యాజ్యం ఇందుకు మంచి ఉదాహరణ.

ఎలర్జీకి వాడే లోరాటడిన్ మాత్ర మింగితే శరీరం దాన్ని డెస్‌లోరాటడిన్‌గా మారుస్తుంది. షెరింగ్ సంస్థకు లోరాటడిన్‌పై 1981లోను, ఈ రెండో పదార్థంపై 1987లోను పేటెంట్లు వచ్చాయి. మొదటిదాని గడువు ముగిసే వేళ జెనరిక్ తయారీదారులు ముందుకొచ్చారు. వారి మాత్ర వేసుకున్నా రోగి ఒంట్లో రెండో పదార్థం తయారవుతుంది కనుక అది తన హక్కుకు భంగమేనని షెరింగ్ వాదించింది.

పాత పేటెంటులో ఆ పదార్థం ఊసే లేదు. అయినా, అందులో చెప్పినట్టు మందు వాడితే అది తప్పక పుడుతుంది. ఎవరూ గుర్తించనంత మాత్రాన అది కొత్తది కాదని కోర్టు తేల్చింది. ఇక్కడ కీలకం ‘తప్పక’ అన్న మాట. ఎప్పుడో ఒకసారి పుట్టే అవకాశం ఉంటే చాలదు.

అయితే పరిశోధకుడికి దారులన్నీ మూసుకుపోలేదు. అదే పదార్థాన్ని శుద్ధిచేసి వేరుపరచిన రూపంలో కోరితే ఫలితం వేరుగా ఉండవచ్చునని ఆ తీర్పే సూచించింది. ఆ కొత్త రూపం అతని కృషి ఫలం. గడువు తీరిన మందును వాడుకునే స్వేచ్ఛ మాత్రం ప్రజలది. మరో పేటెంటు పేరుతో దాన్ని వెనక్కి తీసుకోవడం కుదరదు.