ఫ్లైఓవర్ మీద ఆ సందు పగులు కాదు

ఫ్లైఓవర్ చీలిపోయిందంటూ, శ్లాబుల మధ్య సందులో కర్ర దూర్చి చూపించే వీడియోలు మళ్లీ మళ్లీ ఫోన్లకెక్కుతున్నాయి. జనం భయపడటంతో అది ఆగడం లేదు. ప్రమాదం తప్పిద్దామని ఆ సందులో సిమెంటు కూరేవాళ్లున్నారు, కొత్త రోడ్డు వేస్తూ దాని మీదుగానే తారు పరిచేవాళ్లూ ఉన్నారు. వంతెనకు అసలు హాని అక్కడే మొదలవుతుంది.

ఆ సందు ఎక్స్‌పాన్షన్ జాయింట్. వేడికి వంతెన సాగడానికని ఇంజినీరు లెక్కవేసి వదిలిన ఖాళీని చీలిక అని ప్రచారం చేయడం ఇకనైనా మానాలి. వేడికి ఇనుమే సాగుతుంది, కాంక్రీటు కదలదు అనుకోవడం తప్పు. రెండూ దాదాపు ఒకే లెక్కన సాగుతాయి కాబట్టే కాంక్రీటులో ఇనుప చువ్వలు ఇమడగలుగుతున్నాయి. రాజమహేంద్రవరంలో 1997లో పూర్తయిన గోదావరి ఆర్చ్ వంతెననే తీసుకోండి. పిల్లరుకూ పిల్లరుకూ మధ్య 97.55 మీటర్ల చొప్పున 28 స్పాన్లు. కాంక్రీటు వేడి 30 డిగ్రీలు పెరిగితే ఒక్కో స్పాను సుమారు 35 మిల్లీమీటర్లు సాగుతుంది. అన్నీ కలిపితే దాదాపు ఒక మీటరు! ఆ సాగుదలకు చోటు లేకపోతే శ్లాబులు ఒకదాని అంచు ఒకటి నలిపేసుకుంటాయి, కింది పిల్లర్లనూ పక్కకు నెడతాయి.

మొన్నటికంటే సందు పెరిగిందంటారా? చలికాలం తెల్లవారుజామున అది తెరుచుకుంటుంది, మే నెల మధ్యాహ్నం ముడుచుకుంటుంది. పైగా, లోపలి ఉక్కు తీగలను బిగించి కట్టే ప్రీస్ట్రెస్‌డ్ కాంక్రీటు కట్టిన తర్వాత కూడా ఏళ్లపాటు మెల్లగా కుంచించుకుపోతుంది. పాత వంతెనలో సందు కాస్త ఎక్కువగా ఉండటం ముందే లెక్కలోకి తీసుకున్న సంగతే.

అలాగే, లారీ వెళ్లినప్పుడు వంతెన కొద్దిగా ఊగితే కూలిపోతుందని కాదు. శ్లాబులను మోసే గర్డర్ల కింద రబ్బరు దిమ్మలు పెట్టింది ఖర్చు మిగుల్చుకోవడానికీ కాదు, గర్డరు జరగడానికి.

జాయింట్ల వల్లే వంతెనలు పాడవుతాయన్న మాటలో మాత్రం నిజముంది, ఒప్పుకోవాలి. జాయింటు మధ్య ఉండే రబ్బరు చిరిగితే వాననీరు లోపలికి దిగి, గర్డరు కొసల్లో చువ్వలు తుప్పు పడతాయి. అందుకే కొన్ని స్పాన్లను కలిపి కట్టి జాయింట్లు తగ్గిస్తున్నారు. చిన్న వంతెనలను అసలు జాయింట్లు లేకుండానే కడుతున్నారు. పొడవాటి వాటికి అది కుదిరే పని కాదు.

కంగారు పడాల్సినవి వేరే ఉన్నాయి. ఒక శ్లాబు కంటే పక్క శ్లాబు కిందికి దిగడం, జాయింటు అంచు ఇనుము పైకి లేవడం, వాన వెలిశాక కూడా పిల్లరు మీద నీళ్లు కారుతూ ఉండటం. ఇవి కనిపిస్తే పిల్లర్ నంబరు పడేలా ఫొటో తీసి, ఆ వంతెన బాధ్యత చూసే శాఖకు పంపండి. రోడ్డు పనివాళ్లు జాయింటు మీద తారు పోస్తుంటే అక్కడే ఆపి అడగండి.