అమెరికాలో ఫిజీషియన్ అసిస్టెంటు విద్య: ప్రవేశానికి కావలసినవి

మా దగ్గరి బంధువొకరు కొన్ని నెలల క్రిందట నన్ను కలిసికొని, "బావగారూ, మా అమ్మాయి అమెరికాలో ఫిజీషియన్ అసిస్టెంటు చదువు చదువుతానంటున్నది. దానికి ఎన్ని మార్కులు రావాలి? ప్రవేశపరీక్ష ఎప్పుడు పెడతారు?" అని అడిగారు. ఆ అమ్మాయి ఇక్కడ మైక్రోబయాలజీ ప్రధానాంశంగా బి.ఎస్సి. పూర్తిచేసి, వివాహానంతరం భర్తతో న్యూజెర్సీ రాష్ట్రంలో కాపురముంటున్నది. తండ్రి అడిగిన ప్రశ్న సహజమైనదే. మన ప్రాంతంలో వైద్యవిద్య అనగానే ఒక ప్రవేశపరీక్ష, ఒక ర్యాంకు, ఒక సీటు మనస్సుకు తోస్తవి. కాని ఈ చదువు విషయంలో ఆ రెండు ప్రశ్నలకూ ఒక్కమాటలో సమాధానం చెప్పడానికి వీలులేదు. ఎందుచేత వీలులేదో తెలిసికొంటే, ప్రవేశానికి ఏమేమి కావలెనో కూడా బోధపడుతుంది.

ముందుగా ఈ వృత్తి ఎటువంటిదో చెప్పుకుందాము. పేరులోని అసిస్టెంటు అన్న మాటను చూచి మన పాతకాలపు కాంపౌండరును ఊహించుకొనరాదు. ఫిజీషియన్ అసిస్టెంటు రోగిని స్వయంగా పరీక్షిస్తారు, రోగనిర్ణయం చేస్తారు, మందులు వ్రాసి ఇస్తారు, శస్త్రచికిత్సలో సర్జనుకు తోడుగా నిలుస్తారు. 2007 నాటికి అక్కడి 50 రాష్ట్రాలలోనూ వీరికి మందులు వ్రాసే అధికారం లభించినది. వైద్యుని పర్యవేక్షణ ఎంతవరకు ఉండవలెనన్నది ఆయా రాష్ట్రాల చట్టాలను బట్టి ఉంటుంది. ఇంతటి బాధ్యత ఉన్న వృత్తికి అసిస్టెంటు అన్న మాట చాలదని తలచి, ఆ వృత్తివారి జాతీయ సంఘం 2021లో ఫిజీషియన్ అసోసియేట్ అన్న పేరును స్వీకరించినది. అయినప్పటికీ పెక్కు రాష్ట్రాల చట్టాలలో పాతపేరే నిలిచి ఉన్నది.

ఈ వృత్తి పుట్టుకను గురించి కొంత చెప్పవలెను. నార్త్ కరోలినా రాష్ట్రంలో గార్లండ్ అనే చిన్న ఊరిలో డాక్టర్ ఏమాస్ జాన్సన్ అనే వైద్యుడుండేవారు. ఆయన తనవద్ద పనిచేసే హెన్రీ ట్రెడ్‌వెల్ అనే వ్యక్తికి వైద్యపు పనులు ఒక్కొక్కటిగా నేర్పి, తాను ఊరిలో లేనప్పుడు వచ్చిన రోగులను చూడగలిగినంత సమర్థునిగా తీర్చిదిద్దారు. ఈ ఏర్పాటు ఆ రాష్ట్రంలోనే ఉన్న డ్యూక్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు డాక్టర్ యూజీన్ స్టెడ్ దృష్టిని ఆకర్షించినది. అప్పట్లో పల్లెలలో వైద్యులకు కొరత. మరొకవైపు, నౌకాదళంలో క్షతగాత్రులకు చికిత్సలు చేసి చేయితిరిగిన యువకులు కొలువు ముగించుకొని తిరిగివస్తే, వారి నేర్పుకు తగిన ఉద్యోగం బయట లేదు. ఈ రెండు కొరతలనూ జతపరచి స్టెడ్ 1965లో నలుగురు విద్యార్థులతో రెండేళ్ల శిక్షణను ప్రారంభించారు. నలుగురూ నౌకాదళంలో వైద్యసేవ చేసి వచ్చినవారే. వారిలో ముగ్గురు 1967 అక్టోబరు 6వ తేదీన పట్టాలు పుచ్చుకొన్నారు. 1969లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ రిచర్డ్ స్మిత్ ప్రారంభించిన మెడెక్స్ అనే శిక్షణ కూడా సైన్యంలో వైద్యసేవ చేసినవారితోనే మొదలైనది.

అనగా ఈ విద్య మొట్టమొదట బడిలో మార్కులు తెచ్చుకొన్నవారికోసం కాక, అప్పటికే రోగి మంచం ప్రక్కన నిలిచి పనిచేసినవారికోసం ఏర్పడినది. అరువది ఏళ్లు గడిచినా ఆ జన్మలక్షణం పోలేదు. అందుచేతనే మార్కులతోపాటు, "నీవు ఇంతవరకు ఎందరు రోగులకు నీ చేతులతో సేవ చేశావు?" అని నేటికీ పెక్కు విద్యాలయాలు అభ్యర్థిని అడుగుతున్నవి.

ఇక అర్హతల సంగతి. మొదటిది డిగ్రీ. నేడు ఇది స్నాతకోత్తర విద్య. పూర్తిచేసినవారికి మాస్టర్స్ పట్టా ఇస్తారు. కనుక ప్రవేశించడానికి బ్యాచిలర్స్ పట్టా సాధారణంగా ఉండితీరవలెను. అది ఫలానా శాస్త్రంలోనే ఉండవలెనన్న నియమం చాలాచోట్ల లేదు. చరిత్ర చదివినవారూ, సంగీతం చదివినవారూ కూడా అర్హులే. అయితే పట్టా ఏదైనప్పటికీ కొన్ని పాఠ్యాంశాలు విడిగా చదివి ఉండవలెను. శరీరనిర్మాణశాస్త్రం, శరీరధర్మశాస్త్రం, సూక్ష్మజీవశాస్త్రం, రసాయనశాస్త్రం, గణాంకశాస్త్రం, మనస్తత్వశాస్త్రం వీటిలో ముఖ్యమైనవి. కొన్ని విద్యాలయాలు జీవరసాయనశాస్త్రాన్నీ, జన్యుశాస్త్రాన్నీ కూడా కోరుతవి. శాస్త్రవిషయాలు ప్రయోగశాలతో కూడినవై ఉండవలెనని పట్టుబట్టేవి అనేకం. మరొక చిక్కు కాలపరిమితి. ఐదేళ్లకో, ఏడేళ్లకో, పదేళ్లకో ముందు చదివిన పాఠాలు చెల్లవని నియమం పెట్టిన విద్యాలయాలున్నవి. ఏనాడో చదివిన శరీరధర్మశాస్త్రం మీద ఆధారపడి దరఖాస్తు చేసి, రుసుము పోగొట్టుకొన్నవారుంటారు.

రెండవది మార్కులు. అక్కడ నూటికి ఇన్ని అని కాక, నాలుగు పాయింట్ల కొలమానంలో సగటు చూస్తారు. ఎ శ్రేణికి 4, బి శ్రేణికి 3, సి శ్రేణికి 2. పెక్కు విద్యాలయాలు కనీసం 3 సగటు కోరుతవి. మొత్తం సగటునూ, శాస్త్రవిషయాల సగటునూ వేరువేరుగా లెక్కిస్తారు. ఇక్కడ తెలియక పొరపడే అంశమొకటి ఉన్నది. ఒక పాఠంలో ముందు సి వచ్చి, మరల చదివితే ఎ వచ్చినదనుకొందాము. కళాశాల తన లెక్కలో పాత శ్రేణిని తొలగించి 4 మాత్రమే చూపవచ్చును. కాని దరఖాస్తులు స్వీకరించే కేంద్రసంస్థ రెండింటినీ లెక్కలో కలుపుతుంది. అప్పుడు ఆ పాఠానికి సగటు 3 అవుతుంది. ఇంట్లో వేసుకొన్న లెక్కకూ, అక్కడ తేలిన లెక్కకూ తేడా వచ్చేది ఇందువల్లనే.

మూడవది, అన్నింటికంటె ప్రధానమైనది, రోగిసేవలో అనుభవం. దీనిని గంటలతో కొలుస్తారు. కొన్నిచోట్ల 500 గంటలు, కొన్నిచోట్ల 1000, మరికొన్నిచోట్ల 2000. ఇవి కనీసపు సంఖ్యలు మాత్రమే; సీటు దొరికినవారిలో చాలమందికి ఇంతకంటె ఎక్కువ ఉంటుంది. వారానికి 40 గంటలు పనిచేసేవారికి 1000 గంటలు పూర్తికావడానికి 25 వారాలు, 2000 గంటలకు ఇంచుమించు ఒక సంవత్సరం పడుతుంది. కనీసపు గంటలు నియమించని విద్యాలయాలూ కొన్ని లేకపోలేదు.

ఏ పని ఈ లెక్కలోకి వస్తుంది? రోగి శరీరానికి, చికిత్సకు నేరుగా బాధ్యత వహించే పని వస్తుంది. అంబులెన్సులో అత్యవసర చికిత్స చేసేవారు, నర్సింగ్ అసిస్టెంట్లు, రక్తం నమూనాలు తీసేవారు, నర్సులు, శ్వాసచికిత్సకులు ఈ కోవలోనివారు. ఆస్పత్రి కౌంటరులో కూర్చొని పేర్లు వ్రాసుకోవడం, రోగిని చక్రాల కుర్చీలో ఒక గది నుండి మరొక గదికి చేర్చడం వంటి పనులను చాలా విద్యాలయాలు సాధారణ ఆరోగ్యరంగ అనుభవంగా వేరే పట్టికలో వేస్తవి. వైద్యుని వెంట ఉండి ఆయన చెప్పినది వ్రాసే స్క్రైబు ఉద్యోగాన్ని కొందరు అంగీకరిస్తారు, కొందరు అంగీకరించరు. జీతంలేని సేవకంటె జీతంతో చేసిన పనికి విలువ ఎక్కువ. జీతం పుచ్చుకొన్నవాడు పనికి జవాబుదారీగా ఉంటాడన్న భావన దీనికి కారణం. వీటితోపాటు ఒక ఫిజీషియన్ అసిస్టెంటు వెంట కొన్ని గంటలపాటు తిరిగి, ఆ పనిని కళ్లారా చూచిరావడాన్ని కూడా కోరుతారు.

నాలుగవది దరఖాస్తు. 2001 నుండి కాస్పా అనే ఉమ్మడి దరఖాస్తు విధానం అమలులో ఉన్నది. పెక్కు విద్యాలయాలకు దీనిద్వారానే దరఖాస్తు చేయవలెను. ఏటా ఏప్రిల్ నెలాఖరున ఇది తెరుచుకొంటుంది. వచ్చిన దరఖాస్తులను వచ్చినట్లే పరిశీలించి సీట్లు ఇస్తూపోయే విద్యాలయాలు అనేకం ఉన్నందున, చివరితేదీ వరకు ఆగడం తెలివైన పని కాదు. సాధారణంగా మూడు సిఫారసు లేఖలు కావలెను. వీటిలో ఒకటి దగ్గరుండి పని చూచిన వైద్యునివో, ఫిజీషియన్ అసిస్టెంటువో అయితే మేలు. పలుకుబడి కలవారు వ్రాసిన లేఖకంటె, పని చూచినవారు వ్రాసిన లేఖకు అక్కడ బరువు ఎక్కువ. ఈ వృత్తినే ఎందుకు కోరుతున్నారో తెలుపుతూ ఒక వ్యాసం వ్రాయవలెను. ఖాళీలతో సహా 5000 అక్షరచిహ్నాలు మించరాదు. డాక్టరు కాలేకపోయినందుకు దీనికి వస్తున్నానన్న ధోరణి ఆ వ్యాసంలో కనిపిస్తే పరీక్షించేవారికి రుచించదు.

ప్రవేశపరీక్ష లేదా అంటే, అందరికీ ఉమ్మడిగా ఒకటి లేదు. కొన్ని విద్యాలయాలు జి.ఆర్.ఇ. కోరుతవి, కొన్ని ఈ విద్యకోసమే ఏర్పడిన పి.ఎ.-క్యాట్ అనే పరీక్షను కోరుతవి. చాలచోట్ల ఏదీ అక్కరలేదు. మాతృభాష ఇంగ్లీషు కానివారిని తరచుగా టోఫెల్ వంటి భాషాపరీక్ష అడుగుతారు. ఈ వడపోతలో నిలిచినవారిని ముఖాముఖికి పిలుస్తారు. సీటు ఇచ్చిన తరువాత కూడా టీకాల పత్రాలు, పూర్వచరిత్ర పరిశీలన వంటివి మిగిలి ఉంటవి.

చేరిన తరువాత చదువు సుమారు 27 నెలలు. అందులో మొదటి ఏడాది తరగతిగదిలో, మిగిలినది ఆస్పత్రులలో శిక్షణగా సాగుతుంది. చదువుతూ ఉద్యోగం చేయడం దాదాపు అసాధ్యం. కొన్ని విద్యాలయాలు దానిని నిషేధిస్తవి కూడా. కనుక ఆ రెండేళ్ల పైచిలుకు కాలానికి ఇల్లు గడిచే మార్గం ముందుగా చూచుకొనవలెను. చివర జాతీయ అర్హతా పరీక్ష ఉంటుంది. అందులో ఉత్తీర్ణులై, రాష్ట్రప్రభుత్వం నుండి లైసెన్సు పొందినవారే పని చేయగలరు.

ఇక్కడ మన తెలుగు కుటుంబాలవారు ముఖ్యంగా గమనింపవలసిన సంగతులు ఉన్నవి. ఆ అర్హతా పరీక్షకు కూర్చునేందుకు, ఆర్క్-పిఎ అనే అమెరికా గుర్తింపు సంస్థ ఆమోదించిన విద్యాలయంలోనే చదివి ఉండవలెను. అటువంటివి ఇప్పుడు 300కు పైగా ఉన్నవి. మన దేశంలో కూడా 1992లో మద్రాసులోని మద్రాస్ మెడికల్ మిషన్‌లో డాక్టర్ కె.ఎం. చెరియన్ చొరవతో ఈ తరహా శిక్షణ మొదలైనది. 2021 నాటి కేంద్రచట్టం ఈ వృత్తిని అనుబంధ ఆరోగ్యవృత్తులలో చేర్చినది. కాని ఇక్కడి పట్టాతో అక్కడి పరీక్షకు కూర్చోవడానికి వీలులేదు.

ఇంతకంటె బాధ కలిగించే అపోహ మరొకటి ఉన్నది. ఇక్కడ ఎం.బి.బి.ఎస్. చదివి, అమెరికా చేరి, అక్కడ రెసిడెన్సీ దొరకనివారు, "పోనీ, ఫిజీషియన్ అసిస్టెంటుగానైనా చేరుదాము" అనుకొంటారు. డాక్టరు చదువు పెద్దది, ఇది చిన్నది, కనుక పెద్దది చదివినవారికి చిన్నది సులభంగా లభిస్తుందని వారి తర్కం. అక్కడి నియమం ఈ తర్కాన్ని అంగీకరించదు. ఎం.బి.బి.ఎస్. పట్టాతో ఆ పరీక్షకు కూర్చోనివ్వరు. వారు కూడా దరఖాస్తు చేసికొని, మొదటినుండి పూర్తిగా చదువవలసినదే.

మన బి.ఎస్సి. పట్టాకు అక్కడ ఎంత విలువ కట్టుతారో గుర్తింపు పొందిన సంస్థచేత అంచనా వేయించవలెను. మూడేళ్ల పట్టాను అక్కడి నాలుగేళ్ల పట్టాతో సమానమని అన్ని విద్యాలయాలూ ఒప్పుకొనవు. పట్టాను ఒప్పుకొన్నా, ముందు చెప్పిన శాస్త్రపాఠాలను అమెరికా కళాశాలలోనే చదవమనే విద్యాలయాలు చాల ఉన్నవి. తక్కువ ఖర్చుతో అవి చదువుకోవడానికి కమ్యూనిటీ కళాశాలలు ఉన్నవి. అయితే కోరుకొన్న విద్యాలయం ఆ చదువును అంగీకరిస్తుందో లేదో ముందే విచారించవలెను. వీసా సంగతి మరొకటి. కొన్ని విద్యాలయాలు పౌరులనూ, శాశ్వతనివాసులనూ మాత్రమే తీసికొంటవి. పైగా, పనిచేసే అనుమతిలేని వీసాపై ఉన్నవారు జీతంతో రోగిసేవ గంటలు సంపాదించలేరు.

మా బంధువుగారికి ఈ విషయాలన్నీ వివరించి చెప్పిన తరువాత ఆయన కొంతసేపు మౌనంగా ఉండి, "అయితే మా అమ్మాయికి అర్హత లేదంటారా?" అన్నారు. లేదని నేను అనలేదు. ఆమెకు కావలసినవి ఇంకా సమకూరలేదన్నాను. మొదట వీసా పరిస్థితి చూచుకొనవలెను; ఆ తరువాత తన ప్రాంతంలోని ఐదారు విద్యాలయాల నియమాలను ఒక కాగితంమీద వరుసగా వ్రాసికొని, పట్టాకు అంచనా వేయించి, తక్కువైన పాఠాలు చదువుకొనవలెను; పని అనుమతి లభించిన నాటినుండి నర్సింగ్ అసిస్టెంటుగానో, రక్తం నమూనాలు తీసే పనిలోనో చేరి గంటలు కూడబెట్టవలెను. ఇందుకు మూడు నాలుగేళ్లు పట్టవచ్చును.

ఇటీవల ఆ అమ్మాయి తండ్రికి ఫోను చేసినదట. పని అనుమతి వచ్చినదనీ, వృద్ధులను చూచుకొనే ఒక శరణాలయంలో నర్సింగ్ అసిస్టెంటుగా చేరినాననీ చెప్పినదట. "డిగ్రీ చదివిన పిల్ల ముసలివారికి స్నానాలు చేయించే పనిలో చేరినది" అని తల్లి మొదట నొచ్చుకొన్నదట. ఆ నొప్పి మనకు అర్థం కానిది కాదు. కాని రేపు ఆ అమ్మాయి దరఖాస్తును చేతిలోకి తీసికొనేవారు బి.ఎస్సి. మార్కులతోపాటు చూడబోయేది ఆ గంటలనే.