కారు ఆగితే ఏసీ వేడి గాలి కొడుతోందా?

పోయిన మే నెలలో మా అమ్మీని వైద్య పరీక్షలకు కర్నూలు తీసుకెళ్లి తిరిగి వస్తున్నాం. మధ్యాహ్నం రెండు గంటలు. రోడ్డు మీద పరుగెత్తుతున్నంతసేపూ కారులో చల్లగానే ఉంది. రైలు గేటు పడింది. ఆగిన అయిదు నిమిషాలకే ఏసీలోంచి వేడి గాలి రావడం మొదలైంది. ఎనభై దాటిన మనిషి, కొంగుతో విసురుకుంటూ "అద్దం దించు బేటా" అంది. గేటు లేచి కారు కదిలాక కాసేపటికి మళ్లీ చల్లబడింది.

అంతకు ముందే ఈ బాధకు ఒక మెకానిక్ దగ్గర రెండుసార్లు గ్యాస్ పట్టించాం. మొత్తం 3,600 రూపాయలు. పట్టించిన రోజు సరే, తర్వాత అదే కథ. మనలో చాలామంది ఇలాగే చేస్తాం. ఏసీ చల్లగా లేదంటే గ్యాస్ అయిపోయిందనుకుంటాం. గ్యాస్ అంటే పెట్రోలులా ఖర్చయిపోయేది కాదు. మూసి ఉన్న గొట్టాల్లో అదే తిరుగుతూ ఉంటుంది. బాగా తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. ఆ లీకు వెతకకుండా నింపితే డబ్బు గాలిలో కలిసినట్టే. పైగా అవసరానికి మించి నింపితే లోపల ఒత్తిడి పెరిగి ఏసీ ఇంకా మొరాయిస్తుంది.

పరుగెడితే చల్లన, ఆగితే వేడి. ఈ ఒక్క లక్షణం కనిపిస్తే ముందు చూడవలసింది కండెన్సర్ ఫ్యాను.

ఎందుకో చెబుతాం. అన్నం ఉడికేటప్పుడు ఆవిరి చల్లటి మూతకు తగిలి నీళ్లవుతుంది, ఆ వేడంతా మూత తీసుకుంటుంది. కారులోనూ అదే పని జరుగుతుంది. కంప్రెసర్ గ్యాసును నొక్కి, కాగిన గ్యాసుగా కండెన్సర్‌లోకి పంపుతుంది. కండెన్సర్ అంటే కారు ముందు జాలీ వెనక, రేడియేటర్‌కు ముందుండే సన్నటి రేకుల పలక. అక్కడ గ్యాసు తన వేడిని బయటి గాలికి వదిలి ద్రవమవుతుంది. ఆ ద్రవమే తర్వాత లోపల మళ్లీ ఆవిరవుతూ కారును చల్లబరుస్తుంది. కారు పరుగెడుతుంటే ఎదురుగాలి దానంతట అదే పలకలోంచి వెళ్తుంది. ఆగితే గాలిని లాగవలసింది ఫ్యానే. అది తిరగకపోతే వేడి పోదు, ఒత్తిడి పెరుగుతుంది. గొట్టాలు పగిలిపోకుండా ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ను ఆపేస్తుంది. అప్పుడే మనకు వేడి గాలి తగులుతుంది. చాలా కార్లలో ఇంజన్ రేడియేటర్‌ను చల్లబరిచేదీ ఈ ఫ్యానే కాబట్టి, దీన్ని వదిలేస్తే ఇంజన్ కూడా కాగిపోతుంది. ఉష్ణోగ్రత ముల్లు పైకి పోతుంటే కారు పక్కకు ఆపెయ్యాలి. వేడిగా ఉండగా రేడియేటర్ మూత మాత్రం తియ్యకూడదు.

ఇక పరీక్ష. కారు నీడలో నిలిపి, ఇంజను, ఏసీ వేసి బానెట్ ఎత్తండి. చున్నీ, కొంగు, వదులు చొక్కా చేతులు దగ్గరికి రానివ్వకండి, ఫ్యాను ఏ క్షణమైనా తిరుగుతుంది. కంప్రెసర్ టక్కున అంటుకుని కాసేపు పనిచేస్తున్నా పది నిమిషాల్లో ఫ్యాను కదలకపోతే అనుమానం బలపడ్డట్టే. కంప్రెసరే అసలు అంటుకోకపోతే అది వేరే సంగతి. గ్యాస్ మరీ తక్కువైనా అలా జరుగుతుంది, కొన్ని కార్లలో అప్పుడు ఫ్యానుకు ఆజ్ఞే అందదు. దానికి మెకానిక్ దగ్గరికే వెళ్లాలి.

ఇంజను ఆపి, బ్యాటరీ నెగెటివ్ తీగ తీసి, రెక్కను చేత్తో తిప్పి చూడండి. బిగుసుకుని ఉంటే మోటారు పోయినట్టే. తేలిగ్గా తిరిగితే ఫ్యూజు చూడండి. బానెట్ కింది నల్ల పెట్టె మూత మీదే ఏది దేనిదో బొమ్మ ఉంటుంది. కాలిపోతే అంతే ఆంపియర్లది వెయ్యండి. మళ్లీ కాలితే, పెద్దది వేసి గెలిచామనుకోవద్దు, తీగలు అంటుకుంటాయి. మోటారు ఎక్కువ కరెంటు లాగుతోందని, లేదా ఎక్కడో షార్టు ఉందని అర్థం. ఫ్యూజు బాగుంటే రిలే. అదే నంబరున్న హారన్ రిలే పక్కనే ఉంటే, రెండూ మార్చి చూస్తే తేలిపోతుంది. కనెక్టర్ కూడా విప్పి చూడండి, కరిగి నల్లబడితే కారణం అక్కడే.

ఇవన్నీ బాగుంటే రెండు తీగలున్న మోటారుకు నేరుగా బ్యాటరీ కరెంటు ఇచ్చి చూస్తారు. ఇది ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి. మూడు నాలుగు తీగలున్న కొత్త తరహా ఫ్యాన్లకు ఇలా ఇవ్వకూడదు. తిరిగితే మోటారు మంచిదే, తప్పు తీగల్లోనో రిలే వైపో ఉంది. తిరగకపోతే మోటారే.

మా కారులో ఫ్యాను తిరగలేదు. బడి నుంచి తెచ్చిన చెక్క స్కేలుతో మోటారు డొక్క మీద మెల్లగా తట్టితే ఒక్కసారిగా తిరగడం మొదలుపెట్టింది! లోపలి కార్బన్ బ్రష్షులు అరిగిపోయినప్పుడు ఇలా జరుగుతుంది. తట్టి నడిపించడం ఇంటికి చేరడానికే పనికొస్తుంది, మోటారు మార్చక తప్పదు.

మార్పించాం. అయినా ఆగితే వేడే. ఫ్యాను హోరున తిరుగుతోంది, చల్లదనం లేదు. మా ఇంట్లో అందరం తల పట్టుకున్నాం. చివరికి ఒక తెల్ల కాగితం ముందు జాలీకి ఆనించి చూశాం. ఫ్యాను రేడియేటర్ వెనక ఉన్న కార్లలో కాగితం జాలీకి అతుక్కోవాలి. మాది ఎగిరి పడింది. తీగలు అటుదిటు కలపడంతో మోటారు వెనక్కి తిరుగుతూ, ఇంజను వేడినే కండెన్సర్ మీదకి నెడుతోంది. రెండు తీగలు మార్చారు, అయిదు నిమిషాల పని. మోటారు మార్పిస్తే డబ్బిచ్చే ముందు ఈ కాగితం పరీక్ష అక్కడే చేసి చూడండి.

ఇంకొకటి. ఫ్యాను బాగున్నా రేకుల నిండా దుమ్ము, పురుగులు పేరుకుంటే గాలి దూరదు. పత్తి, మిరప బండ్ల వెనక తిరిగే మన ప్రాంతపు కార్లకు ఇది మామూలే. ఇంజను చల్లారాక మామూలు పైపు నీళ్లతో, మెల్లగా కడగాలి. వాటర్ సర్వీసు గన్నును దగ్గరగా పెట్టి కొడితే మెత్తటి రేకులు వంగిపోయి దారి ఇంకా మూసుకుంటుంది.