ఖాతా ఉంటే చాలా?

2014 ఆగస్టు 28న జన్‌ధన్ యోజన మొదలైంది. ఆ ఖాతాలు ఇప్పుడు 50 కోట్లు దాటాయి, వాటిలో సగానికి పైగా మహిళలవే. కనీస నిల్వ అక్కర్లేదు, రూపే కార్డు ఉచితం. ఇది చిన్న విషయం కాదు. మా బడిలో స్కాలర్‌షిప్ ఫారాలు నింపేటప్పుడు ఒకప్పుడు సగం ఇళ్లలో పాస్‌బుక్ ఉండేది కాదు. ఇప్పుడు దాదాపు ప్రతి తల్లీ సంచిలోంచి ఒకటి తీసి చూపిస్తుంది.

అయితే బ్యాంకులో చోటు దొరకడమంటే డబ్బు దాచుకోవడం ఒక్కటేనా? అవసరానికి అప్పు పుట్టాలి కదా! జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ 2006లో ఇచ్చిన నివేదిక ఈ సంగతినే బయటపెట్టింది. ముస్లింలకు అందుతున్న రుణాలు జనాభాలో వారి వాటాకు తగ్గట్టు లేవని, సగటు రుణం మొత్తం కూడా తక్కువేనని లెక్కలు చూపింది. కొన్ని బ్యాంకులు కొన్ని ప్రాంతాలను ‘నెగెటివ్ జోన్లు’గా గుర్తించి, అక్కడివారికి అప్పులు సులభంగా ఇవ్వడం లేదని కూడా రాసింది. అంటే మనిషి నిజాయితీ, వ్యాపారం, పాత బాకీలు చూడకముందే చిరునామా చూసి వెనక్కి పంపడమన్నమాట.

నిబంధనలు అలా లేవు. రుణం ఇవ్వడంలో లింగ, కుల, మత వివక్ష చూపరాదని రిజర్వు బ్యాంకు న్యాయమైన ఆచరణల నియమావళి చెబుతోంది. దరఖాస్తు తీసుకుంటే రసీదు ఇవ్వాలి. తిరస్కరిస్తే ముఖ్యమైన కారణం రాతపూర్వకంగా తెలపాలి. మన వాళ్లలో ఎంతమందికి ఈ రెండు సంగతులు తెలుసు? కుట్టుమిషన్ల కోసం ముద్రా రుణం అడగబోయిన ఒక విద్యార్థి తల్లికి బ్యాంకులో ‘మీ ఏరియాకు ఇవ్వం’ అని నోటిమాటగా చెప్పి పంపేశారట. ఆమె దరఖాస్తు అసలు తీసుకోనేలేదు, కనుక రికార్డులో ఆమెను తిరస్కరించినట్టు కూడా ఉండదు. అందుకే నోటితో అడిగి తిరిగి రావద్దు. కాగితం ఇచ్చి రసీదు అడగండి. ఫిర్యాదు రాసి ఇచ్చాక 30 రోజుల్లో బ్యాంకు జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఖర్చేమీ లేదు. వివరాలకు 14448కి ఫోన్ చేయవచ్చు.

ఇక టీచరుగా నేను రోజూ చూసే ఇబ్బంది ఒకటుంది. అది పేరు. బడి రిజిస్టరులో ‘ఎస్.కె. ఫాతిమా’, ఆధార్‌లో ‘షేక్ ఫాతిమా బీ’, పెళ్లయ్యాక రేషన్ కార్డులో ‘ఫాతిమా బేగం’. మనిషి ఒకరే, కంప్యూటరుకు మాత్రం ముగ్గురు. మహమ్మద్ అన్న ఒక్క పేరునే ఇంగ్లీషులో నాలుగైదు రకాలుగా రాస్తారు, కొందరు ‘ఎండీ’ అని రెండక్షరాలతో సరిపెడతారు. తెలుగు ఫారంలో ఇంటిపేరు గడి ఉంటుంది. మన ఇళ్లలో చాలామందికి ఆ అర్థంలో ఇంటిపేరు ఉండదు కాబట్టి ఒకచోట షేక్, మరోచోట తండ్రి పేరు, ఇంకోచోట ఊరి పేరు పడుతుంది. స్కాలర్‌షిప్ ఆగిపోతుంది. తండ్రి చనిపోతే నామినీ పేరు కలవక, ఉన్న కాస్త డబ్బు కోసం నెలల తరబడి తిరగాలి. ఇందులో ఎవరి దురుద్దేశమూ ఉండకపోవచ్చు. ఫారం తయారుచేసినవారికి ఇలాంటి పేర్లు ఉంటాయని తట్టకపోవడమే కారణం. వేర్వేరు నేపథ్యాలవారు ఆఫీసుల్లో ఉండాలని అనేది ఇందుకే.

వడ్డీ సంగతి వేరు. వడ్డీ తీసుకోకూడదన్న నమ్మకంతో బ్యాంకుకు దూరంగా ఉండేవారు మనలో ఉన్నారు. 2008లో రఘురామ్ రాజన్ కమిటీ వడ్డీలేని బ్యాంకింగ్‌ను పరిశీలించమంది. 2015లో దీపక్ మొహంతీ కమిటీ మామూలు బ్యాంకుల్లోనే ఒక ప్రత్యేక విండో పెట్టవచ్చని సూచించింది. 2017లో రిజర్వు బ్యాంకు ఆ ప్రతిపాదనను ముందుకు తీసుకెళ్లబోమని తేల్చింది. విచిత్రమేమిటంటే, షేర్లు కొనగలిగినవాడికి ‘నిఫ్టీ 50 షరియా’ సూచీ ఉంది, తోపుడుబండి మీద పండ్లమ్ముకునేవాడికి ఏమీ లేదు. వాడు పొద్దున తొమ్మిది వందలు తీసుకుని సాయంత్రం వెయ్యి కట్టే అప్పు దగ్గరికే వెళ్తాడు. బ్యాంకు వడ్డీకి భయపడి అంతకు ఎన్నో రెట్ల వడ్డీలో పడతాడు. పొదుపు ఖాతాలో జమైన వడ్డీని ఏం చేయాలన్నది ఉలమాలను అడిగి తెలుసుకోవలసిన విషయం, అందులో నేను చెప్పగలిగింది లేదు. ఖాతా లేకుండా ఉండటం మాత్రం పేదవాడికి నష్టమేనని నా అభిప్రాయం.

కౌంటరుకు అవతల కూర్చునేవారిలో మన పిల్లలూ ఉండాలి. ఉర్దూ తప్ప మరో భాష సరిగా రాని ముసలమ్మకు ఫారం చదివి చెప్పేవారు ఒక్కరున్నా ఎంతో తేడా. ఐబీపీఎస్ క్లర్కు పరీక్షకు ఏదైనా డిగ్రీ చాలు, వయసు 20 నుంచి 28 ఏళ్లు, రాష్ట్ర భాష రావాలి. ఉర్దూ మీడియంలో చదివిన పిల్లలు తెలుగు రాయడం, చదవడం పట్టుదలగా నేర్చుకోవాలి. ఇక్కడ చాలామంది పొరబడే అంశం ఒకటి ఉంది. బీసీ-ఇ అనేది రాష్ట్ర రిజర్వేషను. బ్యాంకు ఉద్యోగాలకు కేంద్ర ఓబీసీ జాబితా చూస్తారు. దూదేకుల, మెహతర్ వంటివారు అందులో ఉన్నారు, బీసీ-ఇలోని వర్గాలన్నీ లేవు. జాబితాలో లేనివారు, కుటుంబ వార్షికాదాయం 8 లక్షల లోపు ఉండి మిగతా షరతులు సరిపోతే, ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ కోసం తహసీల్దారుకు దరఖాస్తు చేసుకోవాలి. నోటిఫికేషన్ వచ్చాక పరిగెడితే సమయం చాలదు.

పదో తరగతి పిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. పరీక్షల నామినల్ రోల్స్ పంపేముందు బడికి వచ్చి, పేరు ఆధార్‌లో ఉన్నట్టే అక్షరం అక్షరం ఉందో లేదో చూసుకోండి. మెమో చేతికొచ్చాక దిద్దించుకోవడం చాలా కష్టం.